అడుక్కొచ్చిన బొంత

కుక్కరు అడుగున పోసిన ఇసుక కాగిందో లేదో చెయ్యి పెట్టి చూసేది కాదు. నిర్మల నాలుగు చుక్కల నీళ్లు చిలకరించింది. చుయ్యిమని ఎగిరిపోయాయి. మూతకున్న రబ్బరు తీసి గోడమేకుకు తగిలించింది. విజిల్ తీసి గూట్లో పెట్టింది. డాల్డా రాసి మైదా చల్లిన గిన్నెలో పిండి పోసి, గిన్నెను ఇసుక మీద కుదురుగా నిలబెట్టి మూత పెట్టింది.

కేకు చేయడం ఇది మూడోసారి. మొదటిసారి అడుగు మాడింది. రెండోసారి బాగానే పొంగి, మూత తీయగానే నడుమ కుంగిపోయింది. వారపత్రికలో 'సన్నని సెగ' అని రాశారు. కొత్తవాడలో దొరికే కిరసనాయిలుకు, సగం వత్తులు కాలిపోయిన స్టవ్వుకు సన్నని సెగ అంటే ఏమిటో మాత్రం రాయలేదు.

"ఈసారన్న పొంగుతదా బిడ్డా?" పెరట్లోంచి సమ్మమ్మ అడిగింది.

"ఏమో పెద్దత్తమ్మా. పొంగినా పొంగకున్నా మనమే తినాలె గదా."

సమ్మమ్మ నవ్వి, మళ్లీ బండ మీదికి వంగింది. ఆమె నిర్మల అత్తగారైన భద్రమ్మకు సొంత అక్క. భర్త పోయిన తర్వాత చెల్లెలింటికి వచ్చి ఎన్నేళ్లయిందో ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. తెల్లచీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని ఆమె ఉతుకుతున్నవి పసిపిల్లవాడి గుడ్డలు. ఆడబిడ్డ సులోచన పురిటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ గుడ్డలు ఉతకడం, పిల్లవాడి స్నానానికి నీళ్లు కాచడం, సాంబ్రాణికి నిప్పులు చేయడం అన్నీ ఆమె పనులే. నీళ్ల బకెట్టును నడిమింటి గడప దాకా మోసుకొచ్చి అక్కడ దించేది. గడప అవతలినుంచి భద్రమ్మ అందుకునేది. సమ్మమ్మ ఆ గడప దాటదు. పిల్లవాడు పుట్టి రెండువారాలు దాటినా వాడి ముఖం ఆమె చూడలేదు.

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. భద్రమ్మ లోపలికి వచ్చింది. ఎండకు ముఖం కందిపోయి ఉంది. రెండు చేతులతో కొంగును సంచిలా ఎత్తి పట్టుకుంది. దానినిండా గుడ్డపేలికలు.

"ఇగో, చూస్కో." కుట్టుమిషను ముందు కుమ్మరించింది. "వాడకట్టంత తిరిగిన. ఎన్నడన్న ఒకల గడపల చెయ్యి చాపిన్నా నేను? ఇయ్యాల కొంగు సుత చాపిన."

సులోచనకు ఇంతకుముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పాలు మరవకముందే పోయారు. మూడోవాడు దక్కాలంటే వాడు ఈ ఇంట్లో పుట్టినవాడని మృత్యువుకు తెలియనీయకూడదని భద్రమ్మ నమ్మకం. అందుకని వాడిని తొట్టెలలో వేసేనాడు అడుక్కొచ్చిన పాతగుడ్డల బొంత మీద పడుకోబెట్టాలి. బిచ్చపతి అని పిలవాలి. కాగితాల మీద పేరు ఏమైనా పెట్టుకోవచ్చు. గుడ్డ ఇచ్చేది పిల్లలు నిలిచిన ఇల్లు కావాలి. కొంగు పట్టి అడగాలి, వాళ్లు కొంగులోనే వేయాలి. అడగకుండా వచ్చిన గుడ్డ ఎంత మంచిదైనా పనికిరాదు.

"ఈ ఆకుపచ్చది బేగం బీ దుపట్ట," భద్రమ్మ ఒక్కొక్కటే విడదీసి చూపించింది. "ఏడుగురు పిల్లలు, ఏడుగురు గుండ్ల లెక్క ఉన్నరు. 'భద్రమ్మా, గట్ల కొంగు వట్టకు, నాకే శరమయితాంది' అన్నది. నాకు గాదా శరం? అడుగుకు ఎయ్య అడిగితె ఈ దుప్పటి సుత ఇచ్చింది. మంచి మనిషి. ఈ పూలది మూలమీది కట్టమ్మది. నడిమిట్ల మెత్తగ ఎయ్యడానికి మొండయ్య తాత ధోతి అడిగిన. మునిమనుమలను ఎత్తుకున్నడాయన. చుట్టమరకలున్నయని తొవ్వల్నే మల్లక్కకు ఉతుకనిచ్చి వచ్చిన. రేపు తెస్తది."

నిర్మల ఒక ముక్కను వేళ్ల మధ్య రుద్ది చూసింది. "ధోతి గరుకుగుంటదేమో అత్తమ్మా. పెద్దత్తమ్మ చీరలైతే ఉతికి ఉతికి దూది లెక్క—"

భద్రమ్మ పెరటివైపు చూడలేదు. గొంతు మాత్రం తగ్గించింది. "చదువుకున్నవు గని, ఎప్పుడు ఏం మాట్లాడాల్నో గది సదువలే నువ్వు. బేస్తారం తొట్టెల. బుధవారం పొద్దుమీకేవరకు బొంత నా చేతుల వెట్టు."

బండ మీద గుడ్డ చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

ఆ సందడిలో కుక్కరు సంగతి నిర్మల మరిచిపోయింది. మూత తీసేసరికి కేకు పొంగలేదు, కుంగలేదు. పోసిన పిండి పోసినట్టే గట్టిపడి ఉంది. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చిన భర్త సారంగపాణి దాన్ని పళ్లెం మీద వేలితో తట్టి చూశాడు.

"ఏందే నిర్మలా, ఇటుకల భట్టీ పెట్టినవా? ప్రహరీకి ఒకటి తక్కువ పడ్డది, కుదుర్తది."

అంటూనే రెండు ముక్కలు తిన్నాడు. తల్లికి ఒకటిచ్చాడు. భద్రమ్మ కొరికి, "తీపున్నది" అని ఊరుకుంది. మిగిలినదాన్ని సమ్మమ్మ చాయలో ముంచుకుని చివరి పొడి దాకా తిని, "మంచిగున్నది బిడ్డా, మల్లొకపారి చెయ్యి" అంది. ఆ ఇంట్లో నిర్మల కొత్తగా ఏది చేసినా ముందు నవ్వేవాళ్లు, తర్వాత తినేవాళ్లు, లేకపోతే తొడుక్కునేవాళ్లు. మళ్లీ చెయ్యమని అడిగే మనిషి ఈమె ఒక్కతే.

గిన్నె అడుగున అంటుకుపోయింది గీకుతూ, తొట్టెలకు వచ్చే చుట్టాలకు కేకు వద్దని నిర్మల నిర్ణయించుకుంది. బిస్కట్లయితే పిండి ఇంట్లో కలిపి జమాల్ భట్టీలో కాల్పించుకోవచ్చు. మంట సంగతి అతను చూసుకుంటాడు.

*

వారపత్రికలో రంగుల పేజీలో ఉన్న బొంతకు నడుమ ఎనిమిది కొనల నక్షత్రం ఉంది. నిర్మల చెప్పుల డబ్బా అట్టతో దానికి కొలత కత్తిరించింది. పెన్సిలుతో గీత గీసి, గీతకు అవతల గోరంత వదిలి కోసింది. ఇంటర్లో ప్రాక్టికల్ రికార్డుకు బొమ్మలు గీసినప్పటినుంచీ ఆమెకు గీత తప్పితే నిద్రపట్టదు.

కానీ అడుక్కొచ్చిన గుడ్డలు ఆమె గీతను లెక్కచేయలేదు. బేగం బీ దుపట్టా లాగితే సాగింది. కట్టమ్మ పూలచీర సూది తగిలితే చిరిగింది. ఇంకెవరిదో లుంగీ ముక్క మిషను కింద మందంగా ముద్దకట్టింది. రెండు కొనలు కలిపేసరికి మూడోది పక్కకు పోయింది. నడుము పట్టేసింది. ముందరింట్లో పిల్లవాడు నిన్నటినుంచీ ఆపకుండా ఏడుస్తున్నాడు. ఏడుపుకూ మిషను చప్పుడుకూ మధ్య సులోచన అరుపు. "అమ్మా, ఎందుకేడుస్తాండే వీడు? అమ్మా!"

మధ్యాహ్నానికి నిర్మల నక్షత్రాన్ని విప్పేసింది. అన్నీ చదరం ముక్కలుగా కోసి, సాగే ముక్క పక్కన సాగనిది పెట్టి వరసలు కలిపింది. అందంగా లేదు. గట్టిగా ఉంది.

మల్లక్క వచ్చి ఉతికిన బట్టల మూట వసారాలో దించి, నిలబడకుండానే వెళ్లిపోయింది. నిర్మల మూట విప్పి తెల్లగా, మెత్తగా ఉన్న మడతను లాగింది. అంచు లేదు. పాత ధోతి కదా, వెలిసిపోయి ఉంటుందనుకుంది. ముఖానికి ఆనించి చూసింది. చుట్టవాసన కూడా లేదు, మల్లక్క బాగా ఉతికిందనుకుంది. ఇంకో పూట అయితే పొడవు కొలిచి ఉండేది. ఆ పూట కొలవలేదు. బేగం బీ దుప్పటి నేల మీద పరిచి, దాని మీద తెల్లగుడ్డను నాలుగు మడతలుగా వేసి, పైన చదరాల వరసలు కప్పింది. నాలుగు మూలలా బియ్యం కొలిచే తవ్వలు, సోలలు బరువు పెట్టింది. ముడతలు తీస్తూ అరచేత్తో రాసి, పెద్ద పెద్ద టాకాలు వేసింది.

వంటిల్లు సర్దుకుని సమ్మమ్మ వచ్చేసరికి తెల్లగుడ్డ మీదా కిందా కప్పబడిపోయింది.

బొంత కుట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు కుడుతుంటే రెండోవాళ్లు కొస పట్టుకుని బిగువుగా లాగి ఉంచాలి. లేకపోతే లోపలి గుడ్డ ముద్దకడుతుంది. సమ్మమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుని, కొసను కాలి బొటనవేలి కింద అదిమి పట్టింది. నిర్మల దబ్బనంతో అంచునుంచి లోపలికి వరస వెంట వరస కుట్టుకుంటూ వచ్చింది.

"ఎవల పోలిక వచ్చిందే?" కొంతసేపటికి సమ్మమ్మ అడిగింది.

"ముక్కు సులోచనదే. నుదురు మాత్రం ఎవరిదో."

"వెంట్రుకలు?"

"నిండుగున్నయి. ముందరికి పడుతున్నయి."

సమ్మమ్మ తల ఊపింది. మనసులో ఊహించుకున్నదాన్ని సరిచూసుకున్నట్టు ఊపింది. "పొద్దుగాల రెండుపార్లు ఆకుపచ్చగ పోయిండు. కడుపు నొస్తాంది వానికి, గందుకే ఏడుపు. తల్లిని పప్పు బంజెయ్యమను. జర వామునీళ్లు పట్టుమను." ఒక క్షణం ఆగి, "నేను చెప్పిన అనకు," అంది.

"ఎందుకనొద్దు?"

"పోయినపారి పోరని తొట్టెల తాడు నేనే కట్టిన బిడ్డా. గట్టిగ కట్టాలెనని నాతోనే కట్టిపిచ్చిండ్రు. మూడో నెల ఎల్లకముందే..." కొసను ఇంకొంచెం లాగి పట్టింది. "ఒకలు ఏమన్నరని గాదు. నాకే బుగులు."

దబ్బనం నాలుగు మడతల్లోంచి సులువుగా దిగుతోంది. ఇంత మెత్తగుడ్డ నిర్మల ఎప్పుడూ కుట్టలేదు.

సాయంత్రం ఆమె ముందరింట్లోకి వెళ్లి, బాలింతను పప్పు మానేయమని, పిల్లవాడికి వామునీళ్లు పట్టమని చెప్పింది.

"గిదెక్కడ సదివినవ్?" భద్రమ్మ అడిగింది.

"పుస్తకంల," అంది నిర్మల.

*

బుధవారం పొద్దున పిండి కలిపి తడిగుడ్డ కప్పింది. నిర్మల కూతురు బడికి పోయింది, సారంగపాణి ఆఫీసుకు పోయాడు. బొంతకు ఇక అంచుపట్టీ ఒక్కటే మిగిలింది. దాన్ని మడిచి మిషను మీద పెట్టి, పిండిని చపాతీలా ఒత్తి స్టీలు గ్లాసు అంచుతో గుండ్రంగా కోస్తుంటే మల్లక్క వచ్చింది.

"ఏంది నిర్మలమ్మా, మొన్న ఇసుకల బువ్వ, ఇయ్యాల గిలాసలతోటి రొట్టెలా?"

"బిస్కట్లు మల్లక్కా. రేపు నువ్వు కూడ తిందువు గని రా."

"నోట్లె పండ్లున్న దినం తింట." నవ్వుతూ చంకలోంచి ఒక మడత తీసి ఇచ్చింది. "మొండయ్య తాత ధోతి. రెండుపార్లు బట్టి పెట్టి ఉడికిస్తె గని చుట్టమరకలు పోలే. గందుకే ఆలిశమైంది."

నిర్మల చేతిలో గ్లాసు పిండిలోనే ఆగిపోయింది.

పెరట్లోంచి సమ్మమ్మ తడిచేతులతోనే వచ్చింది. "నా చీర ఏదే మల్లక్కా? కట్టుకోను ఒక్కటే ఉన్నది."

"నిన్న మూటల్నే పెట్టిన గదమ్మా. అంచులేంది, మెత్తగ ఉన్నదే గదా?"

మాట్లాడినంతసేపూ మల్లక్కకు ఏమీ తెలియదు. ఇంకో ఇంటికి పోవాలని వెళ్లిపోయింది. నిర్మల, సమ్మమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి మిషను మీదికి చూశారు.

"ఇప్పు," అంది సమ్మమ్మ. "ఇప్పుడే ఇప్పు. నా గుడ్డ ఆ పోరని కింద ఉండద్దు."

"రెండు దినాల పని పెద్దత్తమ్మా. లోపలున్నదని ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద. రేపు వానికి జరంత పెయ్యి వెచ్చవడితే నేను ఏ బాయిల దుంకాలె?" కూర్చుని, గోటితో అంచు టాకా వెతకసాగింది. దారం దొరకలేదు. "మా చెల్లె ఎండలవడి ఇల్లిల్లు అడుక్కొచ్చింది. అండ్ల అడగనిది నాదొక్కటే ఉన్నది."

నిర్మల ఆమె చేతులు పట్టుకుని ఆపింది. జమాల్ డబల్‌రొట్టె తీసి భట్టీ ఖాళీ చేసే వేళైంది. ఆ వేడి దాటిపోతే పిండి పారబోసుకోవడమే. "నేను పోయి వచ్చేవరకు ముట్టకు. నువ్వు లాగితే పైముక్కలు చిరుగుతయి. వచ్చినంక ఇద్దరం కలిసి ఒక దిక్కునుంచి విప్పుదాం. ధోతి పెట్టి మళ్ల కుడత."

'మళ్ల కుడత' అన్నప్పుడు తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. కోపం లేదు, ఏడుపు లేదు. కొండంత అంట్ల ముందు కూర్చునేటప్పుడు వచ్చే గొంతు అది.

భట్టీ దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్లు రేకు తట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. జమాల్ పొడుగు కర్రపారతో ఒక్కొక్క తట్టనూ లోపలికి నెట్టాడు. నిర్మల తట్ట చూసి, "అమ్మా, అన్ని ఒక్క తీరుగున్నయి. మిషన్ల కోసినవా?" అన్నాడు. ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. ఆమె కళ్లముందు టాకాలు విప్పే వరస ఉంది. ఎటువైపునుంచి మొదలుపెడితే తక్కువ చిరుగుతుందో లెక్కేసుకుంటోంది.

తట్ట బయటికి వచ్చినప్పుడు ఒక్క బిస్కట్టూ మాడలేదు, విరగలేదు. అంచులు బంగారు రంగులో, నడుమ పాలరంగులో ఉన్నాయి. యాలకుల వాసన వీధిదాకా వచ్చింది. ఇన్నాళ్లకు ఒకటి కుదిరింది. సంతోషపడటానికి తీరికైన రోజు కాదు అది. వేడి తట్టను పాతచీర చుట్టి నడుముకు ఆనించుకుని, ఎండలో ఇంటికి నడిచింది.

*

సమ్మమ్మ నడిమింటి గడప ఇవతల నిలబడి ఉంది. నిర్మలను చూడగానే చెయ్యి ఊపింది.

"తీస్కపోయింది. సులోచన వచ్చి మిషను మీదికెల్లి తీస్కపోయింది. అంచు కుట్టలే బిడ్డా, ఆగు అన్న. పోరడు గుక్కవట్టిండు, మెత్తగుంటదని ఇనకుండ పోయింది."

"నువ్వు వెంటపోయి తెచ్చుకోకపోయినవా?"

అన్నాక నిర్మల గడప వైపు చూసింది. సమ్మమ్మ కాలివేళ్లు సరిగ్గా గడపకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. బిస్కట్ల తట్ట అక్కడే దించి ముందరింట్లోకి వెళ్లింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మూడు రోజుల తర్వాత ఆ నిశ్శబ్దం కొత్తగా ఉంది. సులోచన చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం మీద గోడకు చేరగిలబడి ఉంది. కింద చాపమీద బొంత. బొంత మీద పిల్లవాడు. రెండు పిడికిళ్లూ తలకు అటూ ఇటూ పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. భద్రమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది.

"సప్పుడు చెయ్యకు," అంది పెదవులతోనే. "ఇప్పుడే కన్నంటుకున్నది. గా బొంత మీద వేసుడే ఆలిశం. మంచిగ కుట్టినవు పొల్లా."

అత్త నోట నిర్మల పనికి మెప్పుగా ఆ మాట మొదటిసారి వచ్చింది. ఇప్పుడే రావాలా అనుకుంది.

"అంచు కుట్టాలె అత్తమ్మా. జర పిల్లగాన్ని ఎత్తుకుంటే—"

"లేసినంక కుట్టు. ఏం మునిగింది?"

"చెల్లె."

గడప దగ్గరినుంచి వచ్చింది ఆ మాట. గట్టిగా లేదు. కానీ ఆ ఇంట్లో ఆ గొంతు పెరటివైపు తప్ప ఇటువైపు ఎప్పుడూ వినబడదు.

"తియ్యి దాన్ని. పిల్లగాన్ని ఎత్తుకో. అండ్ల నా చీర ఉన్నది."

విసనకర్ర ఆగింది. సులోచన మంచం మీద లేచి కూర్చుంది.

"తప్పు నాది," నిర్మల గబగబా అంది. "మొండయ్య తాత ధోతి అనుకుని నేనే వేసిన. పెద్దత్తమ్మకు పొద్దునదాక తెలియదు."

"ధోతికీ చీరకూ ఫరకు తెల్వకపాయెనా?" భద్రమ్మ గొంతు పెంచలేదు, పిల్లవాడు పడుకున్నాడు కాబట్టి. "బీయే సదివితివి గదనే. బీయే!"

"అమ్మా, తియ్యే, వాన్ని తియ్యే." సులోచన మంచం దిగి చేతులు చాపింది. భద్రమ్మ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. పిల్లవాడు నిట్టూర్చి, తల అటు తిప్పి, మళ్లీ నిద్రలోకి జారాడు. భద్రమ్మ రెండో చేతిని వాడి పొట్టమీద ఆనించింది. మూడు రోజులు డప్పులా బిగుసుకున్న పొట్ట ఇప్పుడు మెత్తగా లేస్తూ దిగుతోంది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

"పండుకున్నడు గదా," అంది చివరికి, ఎవరితోనో తెలియకుండా. "పండుకున్న పోరని కిందికెల్లి గుంజితే అదొక కీడు. ఉంచితె అడుక్కోనిది ఉన్నట్టు." మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. "నువ్వు ఈన్నే కూసో సులోచనా."

గడప దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. భద్రమ్మ వంటింటి మీదుగా పెరట్లోకి నడిచింది. ఏమంటుందోనని నిర్మల వెనకే వెళ్లింది.

సమ్మమ్మ అప్పటికే బండ దగ్గర ఉంది. గుడ్డకు సబ్బు రుద్దుతోంది. తొట్టిలో ఇంకా సగం గుడ్డలు మిగిలే ఉన్నాయి.

భద్రమ్మ ఆమె ఎదుట నిలబడింది. భుజం మీది కొంగు తీసి, రెండు చేతులతో రెండు కొసలూ పట్టి చాపింది. వాడకట్టులో గడప గడపనా ఎలా పట్టిందో నిర్మల చూడలేదు. అక్కడ మాటలు వెతుక్కోవలసిన అవసరం వచ్చి ఉండదు.

"అక్కా," అంది. కొంగు కొసలు మళ్లీ సర్దిపట్టి, "మా పోరనికి ఒక పాతగుడ్డ ఇయ్యి."

సమ్మమ్మ తల ఎత్తలేదు. "పిల్లలు నిలిచిన ఇల్లు గదా నువ్వు అడగవలసింది?"

"సారంగపాణి నిలువలేదా నీ చేతుల? నాకు పాలు రాకపోతె మేకపాలు పోసి సాదింది ఎవలు?" భద్రమ్మ గొంతు చిరాగ్గా ఉంది. ఆ చిరాకు ఎవరిమీదో నిర్మలకు అర్థం కాలేదు. "అడుగుతాన్న గదా. ఎయ్యి."

"చేతులు సబ్బున్నయి. ఆగు."

సమ్మమ్మ చేతులను బకెట్టులో ముంచి కడిగింది. మళ్లీ ముంచింది. చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ, వేళ్ల సందులూ. తొందరపడలేదు. అంతసేపూ భద్రమ్మ ఎండలో కొంగు చాపి నిలబడే ఉంది. చాపిన చేతులు దించలేదు.

సమ్మమ్మ ఒంటిమీది చీర కొంగు తీసి, అంచును పంటితో కొరికి, రెండు చేతులా లాగింది. చర్రుమంది. జానెడు ముక్క విడివడింది. దాన్ని చెల్లెలి కొంగులో వేసింది. చేతికి చెయ్యి తగల్లేదు.

"పోరనికి ఏమన్న అయితే మాత్రం..." అని భద్రమ్మ మొదలుపెట్టింది.

"ఎర్కే," అంది సమ్మమ్మ.

భద్రమ్మ ఆ మాట అక్కడితో వదిలేసింది. తిరిగి ముక్కను నిర్మల చేతిలో పెట్టింది. "దీన్ని సుత కుట్టు."

"లోపలనా అత్తమ్మా?"

"లోపల దాస్తె అడుక్కున్నదని ఎవలకెర్క? మీద కుట్టు. కనవడాలె."

నిర్మల సూది, దారం తీసుకుని ముందరింట్లోకి వెళ్లింది. పిల్లవాడు అలాగే పడుకుని ఉన్నాడు. బొంతను వాడి కిందినుంచి తీసే వీలు లేదు. కాళ్లవైపు మూల ఒకటే ఖాళీగా ఉంది. తెల్లముక్క అంచులు లోపలికి మడిచి అక్కడ పెట్టి చూసింది. బిగువుగా పట్టకపోతే సూది గుచ్చినప్పుడల్లా బొంత కదులుతుంది, పిల్లవాడు లేస్తాడు.

సులోచన మంచం మీద బిగదీసుకుని కూర్చుని ఉంది. భద్రమ్మ నడిమింటి గడపలో, ద్వారబంధానికి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆమె వెనక పెరటి వెలుతురులో తెల్లచీర కనిపిస్తోంది, చిరిగిన కొంగుతో.

"పెద్దత్తమ్మా," అని నిర్మల పిలిచింది. "ఈ కొస జర పట్టుకోవాలె."

భద్రమ్మ అవునని అనలేదు, వద్దని అనలేదు. చెయ్యి నొప్పి పెట్టినట్టు, ద్వారబంధం మీది చెయ్యి తీసి ఒక పక్కకు ఒత్తిగిలి నిలబడింది. ఒక మనిషి పట్టేంత సందు ఏర్పడింది.

సమ్మమ్మ వచ్చి చాప చివర నేల మీద కూర్చుంది. బొంత మూలను రెండు వేళ్లతో పట్టి లాగి ఉంచింది. పిల్లవాడి మడమ ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. ఆ మడమను చూసింది. అక్కడినుంచి మెల్లగా పైకి, నుదుటిమీద పడిన వెంట్రుకల దాకా చూసింది. పట్టుకోమన్న కొసను తప్ప మరి దేన్నీ ముట్టుకోలేదు.

జానెడు ముక్క. నాలుగువైపులా పెద్దకుట్లు వేస్తే చిటికెలో అయిపోతుంది. నిర్మల దారం ఎక్కించి, ముడి వేసి, బియ్యపుగింజ కంటే సన్నగా కుట్లు వేయడం మొదలుపెట్టింది.